తెల్ల కాగితం కింద సంతకం

గొల్లలకుంట, కుందుర్పి మండలం
14-6-2000

ప్రియమైన కుమారుడు శశికుమార్‌కు, ప్రభువు నామమున నీ తల్లి శుభములు.

నిన్న బడులు తెరిచారు. సువార్త బడికి పోలేదు. అందుకే ఈ రోజు ఈ ఉత్తరం.

మే నెలలో నువ్వు నీ బిడ్డను నా దగ్గర దింపి వెళ్ళినప్పుడు మనం అనుకున్నది వేరు. ఫిట్స్ వచ్చే పిల్లను పెట్టుకోలేమని తాడిపత్రిలో బడివాళ్ళు అన్నారు కాబట్టి, నేను పాఠాలు చెప్పి రిటైరైన ఈ ఊళ్ళో ఏడో తరగతిలో చేర్చవచ్చు అనుకున్నాం. నిన్న పొద్దున తల దువ్వి, రిబ్బను కట్టి హైస్కూలుకు తీసుకెళ్ళాను. హెడ్‌మాస్టరు శ్రీరంగప్ప నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. సంగతి విన్నాక తన గ్లాసు కింద పెట్టేశాడు.

"టీచరమ్మా, మీ మాట నేను కాదంటానా? గానీ మొన్న బోరింగు కాడ ఈ బిడ్డ పడింది ఊరంతా చూసిండారు. పక్కన కూర్చుంటే మా పిల్లోల్లకు అంటుకుంటాదని ఇప్పటికే నలుగురు వచ్చి పోయినారు."

"అది అంటుకునే జబ్బు కాదని నీకు తెలియదా?"

"నాకు తెలుసమ్మా. వాళ్ళకు తెలీదు. రేపు ఈడ పడి తల పగిలితే నన్ను నిలదీసేది వాళ్ళే. అయినా మీకంటే బాగా చెప్పేటోళ్ళు ఈ బడిలో ఎవరుండారు? ఇంట్లోనే చెప్పుకోండి."

వద్దన్న మాటను పొగడ్తలో చుట్టి ఇచ్చాడు. నేను తీసుకుని వచ్చేశాను. దారిలో బిడ్డ రిబ్బను తనే విప్పేసుకుంది.

కాబట్టి ఇంట్లోనే చదివిస్తాను. అయితే దొంగచాటుగా కాదు. వేరుశెనగ చేలల్లోంచి పిల్లల్ని చెయ్యి పట్టి బడికి తెచ్చిన మనిషిని నేను. నా ఇంటి పిల్ల బడిలో లేదంటే ఎందుకు లేదో ప్రభుత్వానికి తెలిసి ఉండాలి. కుందుర్పి పోయి మండల విద్యాధికారిని చట్టం ఏమంటుందో అడుగుతాను. నువ్వు పంపవలసినవి: టీసీ, పుట్టిన తేదీ కాగితం, డాక్టరు చీటీ. టీసీ ముఖ్యం, ఆలస్యం చెయ్యకు. ఈ సంగతులు ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడేవి కావు, వెనక పదిమంది నిలబడి వింటారు. ఉత్తరమే రాయి.

వాన లేదు. విత్తనం గోతాల్లోనే ఉంది. మాత్రలు రెండు పూటలా నా చేత్తోనే వేస్తున్నాను.

నీ తల్లి,
ఎలిజబెత్


తాడిపత్రి
30-6-2000

అమ్మకు నీ కొడుకు శశి వందనాలు.

నీ ఉత్తరం అందింది. నీ కోడలు దీనమ్మకు చదివి వినిపించినా. రిబ్బను కాడికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి పోయింది.

డాక్టరు చీటీ, పుట్టిన తేదీ కాగితం దీంట్లో పెట్టినా. టీసీ మాత్రం ఇప్పుడు వద్దమ్మా. పేరు ఈడే ఉండనీ. ఆ సంగతి నేను చూసుకుంటా, నువ్వు దాని గురించి ఎవర్నీ అడగొద్దు. ఆఫీసర్ల కాడికి పోయి చట్టం గిట్టం అనేది కూడా ఎందుకు? ఇంట్లో కూర్చోబెట్టి నాలుగు అక్షరాలు చెప్పేదానికి ఎవరి అనుమతి కావాల? మన పేటలో ఎంతమంది పిల్లోల్లు బడికి పోకుండా బండల పాలిష్ మిషన్ల కాడ నీళ్ళు పడతాండారు, వాళ్ళ ఇండ్లకు ఏ ఆఫీసరూ రాలేదు.

ఫ్యాక్టరీలో పని ఎక్కువుంది. బండల లారీలు నిలబడకుండా వస్తాండాయి. రావాలంటే సెలవు దొరకదు. బిడ్డ మమ్మల్ని అడుగుతాందా? అడిగితే ఏం చెప్తాండావు?

నీ కొడుకు,
శశి


గొల్లలకుంట
21-8-2000

శశికి, తల్లి దీవెనలు.

కుందుర్పికి రెండుసార్లు పోయి వచ్చాను. మొదటిసారి ఆఫీసులో అధికారి లేడు. రెండోసారి ఉన్నాడు. లింగప్ప అని, నిదానస్తుడు. నా ప్రశ్న ముందే కాగితం మీద రాసుకుని పోయాను: "పిల్లను బడికి పంపకుండా ఇంట్లో చదివించవచ్చునా? చదివిస్తే ఏ నిబంధనలు పాటించాలి?" ఆయన రెండుసార్లు చదివాడు.

"నా సర్వీసులో ఇట్లాంటిది చూడలేదమ్మా. పిల్లోల్లను బడికి పంపండప్పా అని మేము ఇంటింటికీ తిరిగి బతిమాలుకుంటాంటే, పంపకుండా ఉండేదానికి పర్మిషన్ అడగను వచ్చినారు మీరు!"

బీరువాలోంచి చట్టం పుస్తకం తీయించి, దుమ్ము దులిపి, తనకు అర్థమైనంత చెప్పాడు. పిల్లను బడికి పంపడం తల్లిదండ్రుల బాధ్యత. అయితే మినహాయింపులున్నాయి. జబ్బు ఒకటి. వేరే విధంగా చదువు అందుతున్నదని అధికారి తృప్తిపడటం ఇంకొకటి. దానికి ఫారం అంటూ లేదు, తెల్ల కాగితం మీదే అనంతపురం జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టాలి. అర్జీ తండ్రి పేరుతో ఉండాలి, నా పేరుతో చెల్లదు. ఏ బడిలో ఎప్పటిదాకా చదివింది, ఎందుకు మానింది, ఇప్పుడు ఎవరు చెబుతున్నారు, అన్నీ రాయాలి. అధికారి వచ్చి పిల్లను పరీక్షిస్తాడు. ఒప్పుకుంటే ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయవచ్చు.

ఆ పరీక్ష రాయకపోతే సువార్త చదువు ఆరో తరగతితో ఆగిపోయినట్టే. బండల దుమ్ములో నీళ్ళు పట్టే పిల్లల గురించి రాశావే, అప్పుడు ఆ వరుసలో మన బిడ్డ కూడా నిలబడుతుంది. అది జరగనివ్వను. అర్జీ చిత్తుప్రతి పంపుతున్నాను. సంతకం పెట్టి పంపు.

టీసీ ఎందుకు వద్దంటున్నావో నాకు అర్థం కావడం లేదు. నువ్వు ఇంతవరకు రాలేదు కూడా. సెలవు దొరకని ఫ్యాక్టరీ లేదు. మూర్ఛ వచ్చే బిడ్డ ఉందని పదిమందికి తెలియడం నీకూ కోడలికీ ఇష్టం లేదని, అందుకే ఇక్కడ దాచారని నాకు అనిపిస్తున్నది. కాకపోతే కాదని రాయి.

అడుగుతున్నదా అని రాశావు. అడగడం లేదు. పొద్దున ప్రార్థన అయ్యాక గోడవైపు తిరిగి తన పాత తరగతి హాజరు పిలుస్తుంది. వాళ్ళ టీచరు పద్మప్రియ మేడం గొంతుతో పేరు పిలవడం, ఒక్కో పిల్లకు ఒక్కో గొంతుతో ప్రెజెంట్ అనడం. ఈ ఆటలు మానెయ్యమని చెప్పాను. గొంతు తగ్గించింది, మానలేదు.

దశాంశాలు పూర్తయ్యాయి. హిందీ నాకే సరిగా రాదు, ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నాం.

నీ తల్లి,
ఎలిజబెత్


తాడిపత్రి
9-9-2000

అమ్మా,

కోడలు దాచిపెట్టింది అని రాసినావు. ఆ మాట చదవకుండా దాటేద్దామనుకున్నా. దీనమ్మ నా మొగం చూసి, "ఏం రాసింది, చదువు" అని కూర్చుంది. చదివినా. రెండు పూటలు అన్నం ముట్టలేదు. బిడ్డ గౌన్లన్నీ ఉతికి, మడిచి, మళ్ళీ ఉతుకుతాంది. ఇంగ నీ ఇష్టం.

అర్జీ చదివినా. దాంట్లో "మూర్ఛ వ్యాధి వలన" అని రాసినావు. ఆ మాట ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టలేనమ్మా. నువ్వు కాగితాన్ని నమ్ముతావు. నేను మనుషుల్ని చూస్తాండా. మన బిడ్డ పడిన రోజు బడిలో అందరూ గోడకు అంటుకోని నిలబడినారు. పద్మప్రియ మేడం ఒక్కతే బిడ్డను పక్కకు తిప్పి, తలకింద తన చెయ్యి పెట్టింది. మేము పోయేవరకు అట్లే కూర్చోనుంది. అట్లాంటోళ్ళు ఎంతమంది దొరుకుతారు? గవర్నమెంటు కాగితంలో ఒకసారి ఆ మాట పడితే యాడికి పోయినా దాని ముందు అదే నడుస్తాది. ఒంట్లో బలం లేదని రాయి. రక్తం తక్కువని రాయి. ఎవరు పట్టి చూస్తారు?

నీతో వాదించే ఓపిక నాకు లేదు. తెల్ల కాగితం కింద సంతకం పెట్టి పంపుతాండా. మీద నువ్వే రాసుకో, నీ అక్షరం బాగుంటాది. ఆ ఒక్క మాట మాత్రం వద్దు. బడి గురించి కూడా ఎక్కువ రాయొద్దు. నిన్ను నమ్మి పంపుతాండా.

శశి


గొల్లలకుంట
3-10-2000

శశికి,

నీ తెల్ల కాగితం పన్నెండు రోజులు బైబిల్లో పెట్టి ఉంచాను. నిన్న రాశాను. ఈ రోజు రిజిస్టరు పోస్టులో అనంతపురం జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి పంపాను. నకలు ఇందులో ఉంది.

నువ్వు వద్దన్న మాట అందులో ఉంది. రక్తం తక్కువని రాస్తే రేపు అధికారి వచ్చి డాక్టరు చీటీ అడుగుతాడు. చీటీలో ఒకటి, అర్జీలో ఒకటి ఉంటే అర్జీ చించేస్తారు, నష్టపోయేది బిడ్డే. అదొక్కటే కాదు. నీ సంతకం మీద అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. జబ్బు పేరు చెప్పుకోలేనంత తప్పు బిడ్డ ఏమీ చెయ్యలేదు. బడి పేరు రాశాను, వేసవి సెలవుల తరవాత ఆ బడికి పోలేదని కూడా రాశాను. అది వాళ్ళు అడిగిన ప్రశ్న.

నీకు కోపం వస్తుందని తెలుసు. పరీక్ష రాసి పాసైన రోజున నువ్వే ఒప్పుకుంటావు.

కోడలి గురించి రాసిన మాట తొందరపాటు. ఆమెకు ఈ వాక్యం చదివి వినిపించు. గౌన్లు పంపమను, ఇక్కడివి పొట్టి అయ్యాయి.

మొన్న రాత్రి తొలకరి వాన లాంటిది పడింది. ఆలస్యమైన వాన, చేనుకు పనికిరాదు. సువార్త మాత్రం వాకిట్లో తడిసి తిట్లు తిన్నది.

నీ తల్లి


తాడిపత్రి
11-12-2000

అమ్మా,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నా. దీనమ్మ రాయమనింది.

నీ అర్జీ అనంతపురం పోయింది. ఆడి నుంచి ఈడ బడికి విచారణ వచ్చింది. వేసవి సెలవుల తరవాత ఈ పిల్ల బడికి రాలేదని తండ్రే రాసిచ్చినాడు, మీ రిజిస్టర్లో చూస్తే జూన్ నుంచి రోజూ ప్రెజెంట్ పడిండాది, ఇదేంది అని అడిగినారు.

ప్రెజెంట్ వేసింది పద్మప్రియ మేడం. వెయ్యమని కాళ్ళు పట్టుకోని అడిగింది నేను. పేరు కొట్టేస్తే మళ్ళీ చేర్చుకోరు మేడం, మందులకు తగ్గితే వచ్చి కూర్చుంటాది, అంతవరకు బిడ్డ పేరు పోనీయొద్దు అన్నా. ఆమె బో సేపు ఆలోచన చేసి, "సరే శశికుమార్, ఇది తప్పే, గానీ వేస్తా" అనింది. నేను టీసీ వద్దనింది అందుకు. అడగొద్దని నీకు రాస్తి. బడి గురించి ఎక్కువ రాయొద్దని కూడా రాస్తి.

యాజమాన్యం ఆమెను ఉద్యోగం తీసేసింది. ఇన్నేండ్లు చేసిన మనిషిని ఒక్క పూటలో పంపేసినారు. బిడ్డ పేరు కొట్టేసినారు.

ఆమె మన ఇంటికి వచ్చిండె. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడి, "నాకు మీ సంతకం చూపించినారు శశికుమార్. చెప్పిండొచ్చు కదా" అనింది, అంతే. ఆ సంతకం నాది కాదని చెప్పలేను. మీద రాసింది నేను కాదని చెప్పినా ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను, తెల్ల కాగితం మీద సంతకం పెట్టిచ్చే మూర్ఖుడు యాడైనా ఉంటాడా అని.

నువ్వు నిజమే రాసినావు. ఒక్క అక్షరం తప్పులేదు. ఆ బడిలో నా బిడ్డ తలకింద చెయ్యి పెట్టిన ఒక్క మనిషి బతుకు పోయింది. ఇంగ నాకు రాయొద్దు.

శశికుమార్


గొల్లలకుంట
22-1-2001

శశికి,

రాయవద్దన్నావు. ఈ ఉత్తరానికి జవాబు ఇవ్వనక్కరలేదు.

ఆ బడి యాజమాన్యానికి రెండుసార్లు రాశాను. అర్జీలోని మాటలు నావని, ఆమెను శిక్షించవద్దని. రెండోదానికి జవాబు వచ్చింది: విషయం ముగిసింది. పద్మప్రియ మేడం ఇంటి చిరునామా నా దగ్గర లేదు. నువ్వు పంపుతావని అడగను.

డిసెంబరు చివర్లో లింగప్ప వచ్చి, మంచం మీద కూర్చుని బిడ్డను ఒక గంట ప్రశ్నలడిగాడు. లెక్కలు, తెలుగు బాగా చెప్పింది. సాంఘికశాస్త్రంలో, "తాడిపత్రి దేనికి పేరుపడిందమ్మా?" అన్నాడు.

"దుమ్ముకు సార్."

"బండలకు కాదా?"

"బండలు లారీల్లో పోతాయి సార్. దుమ్ము మా నాయన బనీన్లో ఇంటికొస్తాది."

ఆయన పకపకా నవ్వాడు. ఆ మాట చెప్పి బిడ్డ కూడా నవ్వింది. తరవాత గోడవైపు తిరిగి కూర్చుంది.

పోయిన వారం అనుమతి వచ్చింది. ఇంట్లో చదువుకోవచ్చు, ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయవచ్చు. నేను అడిగిందంతా ఇచ్చారు. ఆ కాగితం చదివి బీరువాలో పెట్టాను, ఎవరికీ చూపించాలనిపించలేదు.

కొత్త సంవత్సరానికి సువార్త పద్మప్రియ మేడానికి గ్రీటింగు కార్డు చేసింది. చామంతి పువ్వులు, కింద మీ విద్యార్థిని అని. బడి చిరునామా తనే రాసింది. పోస్టు చేశావా అవ్వా అని అడిగితే, చేశానని చెప్పాను. కార్డు నా ట్రంకు పెట్టెలో ఉంది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదని నీకు రాసినదాన్ని నేనే.

ఎలిజబెత్


తాడిపత్రి
18-3-2001

అమ్మా,

పద్మప్రియ మేడం ఊరు ఖాళీ చేసి పోయింది. యాడికి పోయిందో బాడుగ ఇంటోళ్ళకు కూడా చెప్పలేదంట. అందుకే చిరునామా పంపలేను, కోపంతో కాదు.

నేను ఎందుకు రాలేదో చెప్పమని పోయిన ఏడు అడిగినావు. సిగ్గుపడి కాదు. మేలో బిడ్డను తెచ్చేటప్పుడు కళ్యాణదుర్గం ఇవతల బస్సులో ఫిట్స్ వచ్చింది. దించెయ్యమని అందరూ గోల చేసినారు. ఎండలో రోడ్డు పక్కన దించేసి బస్సు పోయింది. తెలివొచ్చినాక నన్ను చూసి, "నాయనా, మళ్ళీ వచ్చేటప్పుడు నన్ను తీసుకపోతావు కదా" అనింది. తీసుకపోతా అన్నా. ఇప్పుడు నేను వస్తే తీసుకపొమ్మంటాది. తీసుకపోయి యాడ పెట్టాల? అందుకే రాలేదు.

పరీక్ష బాగా రాయమని చెప్పు. గౌన్లు మూడు పంపుతాండా, దీనమ్మ అంచులు వదిలి కుట్టింది, పెద్దవి చేసుకోవచ్చు.

శశి


గొల్లలకుంట
3-5-2001

శశికి, కోడలు దీనమ్మకు, తల్లి దీవెనలు.

నిన్న ఫలితాలు వచ్చాయి. సువార్త పాసైంది. లెక్కల్లో తొంభై ఒకటి.

పరీక్ష ఎలా జరిగిందో అప్పుడు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మొదటి రోజు హాలు బయట అతికించిన నంబర్లలో మన నంబరు లేదు. అడిగితే, "ప్రైవేటు క్యాండిడేటు, అర్జీలో జబ్బు రాసిండారు కదమ్మా, తక్కిన పిల్లోల్లు భయపడతారు" అని బిడ్డకు వరండాలో ఒక్క బల్ల వేశారు. అన్ని పరీక్షలూ అక్కడే రాసింది. గాలికి కాగితం ఎగిరిపోకుండా ఎడమ చెయ్యి అదిమిపెట్టి రాసింది. నేను గేటు బయట నుంచి చూస్తూనే ఉన్నాను. మూర్ఛ రాలేదు. ఒక్క రోజు కూడా రాలేదు. ఆ మాట యాడికి పోయినా ముందు నడుస్తుందని నువ్వు రాశావు. నడిచింది.

నిన్న మార్కులు తీసుకుని శ్రీరంగప్ప దగ్గరికి పోయాను, ఎనిమిదో తరగతిలో చేర్చుకొమ్మని. ఆఫీసు నుంచి తనకు వచ్చిన అనుమతి నకలు డ్రాయరులోంచి తీశాడు.

"ఇంట్లో చదివించుకుంటామని మీరే కదా టీచరమ్మా పర్మిషన్ తెచ్చుకునింది? ఇంగ నేనెట్ల చేర్చుకోవాల?"

అక్కడి నుంచే కుందుర్పి బస్సెక్కి లింగప్ప దగ్గరికి పోయాను. ఆయన చట్టం పుస్తకం మళ్ళీ తెరిచాడు.

"ఈ మినహాయింపు తల్లిదండ్రులకమ్మా. బిడ్డను పంపలేదని మిమ్మల్ని ఎవరూ అడగకుండా ఉండేదానికి. చేర్చుకోము అనేదానికి బడికి ఇచ్చిన హక్కు దీంట్లో యాడా లేదు. పోయిన జూన్‌లోనే చేర్చుకోలేదని నాతో చెప్పింటే శ్రీరంగప్పకు ఒక్క మాట రాసిచ్చింటి. అప్పుడే చేర్చుకునేవాడు."

"మీరు నాకు ఆ సంగతి చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదమ్మా. ఇంట్లో చదివించొచ్చునా అని రాసుకోని వచ్చినారు. చదివించొచ్చు అన్నా."

నా ప్రశ్న ఇంకా ఆయన ఫైలులో ఉంది. తీసి చూపించాడు. నా అక్షరమే, కొట్టివేత ఒక్కటి లేదు. మన బిడ్డను ఎందుకు కాదన్నారు అని అడగవలసిన చోట, బిడ్డను ఇంట్లో ఉంచుకోవచ్చునా అని అడిగాను. ఆ ప్రశ్న కోసం నీ సంతకం వాడాను. దానికి ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఇది సరిచేసే కాగితం ఏ ఆఫీసులోనూ లేదు. బిడ్డ వరకు సరిచేయగలిగింది మాత్రం కింద రాస్తున్నాను.

1. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా నువ్వూ దీనమ్మా ఇద్దరూ రావాలి. బస్సులో భయమైతే చెప్పు, కళ్యాణదుర్గం దాకా నేను ఎదురు వస్తాను.

2. ఇంటి చదువు అనుమతి మాకు అక్కరలేదని అర్జీ పెట్టాలి. ఈసారి కాగితం నువ్వే రాస్తావు. నేను చదువుతాను, అంతే. జబ్బు పేరు రాయాలా వద్దా అన్నది నువ్వూ దీనమ్మా తేల్చండి.

3. శ్రీరంగప్ప దగ్గరికి లింగప్ప ఉత్తరంతో ముగ్గురం పోవాలి. కాదంటే కాదని రాసిమ్మని అడగాలి. టీ ఇస్తే తాగకూడదు.

4. తాడిపత్రిలో చేర్చాలని మీకు ఉంటే అలాగే చెయ్యండి. నేను అడ్డం రాను. ఏ ఊళ్ళో చేర్చినా మొదటి రోజే తరగతి టీచరుకు పిల్ల పడితే ఏం చెయ్యాలో నువ్వు చేసి చూపించాలి.

5. మాత్రలు ఒక్క పూట కూడా తప్పకూడదు.

6. పద్మప్రియ మేడం సంగతి మీరు వచ్చేలోగా సువార్తకు నేను చెబుతాను. కార్డు సంగతి కూడా.

7. నిన్ను చూడగానే తీసుకుపొమ్మని అడుగుతుంది. ఏం చెప్పాలో మనం ముందుగా మాట్లాడుకోకూడదు. తను అడిగినప్పుడు, తన ముందే, తనను కూడా అడిగి చెప్పాలి.

ఎలిజబెత్